గవేన్ కథ: అతుకు కనబడని పనితనం

లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో చర్మపత్రాల మీద రాసిన చిన్న పుస్తకం ఒకటుంది. పొడవు సుమారు 17 సెంటీమీటర్లు, వెడల్పు 12. అందులో 1400 ప్రాంతంలో ఒకే లేఖకుడు రాసిపెట్టిన నాలుగు కావ్యాలున్నాయి. కవి ఎవరో ఎక్కడా లేదు. కావ్యాలకు పేర్లు కూడా లేవు. ఇప్పుడు వాడుకలో ఉన్నవి తర్వాతి పరిష్కర్తలు పెట్టినవే. పుస్తకానికి మాత్రం ఒక వింత గుర్తింపు ఉంది: కాటన్ నీరో ఎ టెన్. పదిహేడో శతాబ్దంలో దాన్ని తన సేకరణలో ఉంచుకున్న సర్ రాబర్ట్ కాటన్ గ్రంథాలయంలో ఒక్కో బీరువా మీద ఒక్కో రోమన్ ప్రముఖుడి ప్రతిమ ఉండేది. నీరో ప్రతిమ ఉన్న బీరువాలో, 'ఎ' అరలో, పదో పుస్తకం ఇది. 1731లో ఆ సేకరణ ఉన్న భవనం అంటుకున్నప్పుడు బేవుల్ఫ్ కావ్యానికి ఉన్న ఏకైక ప్రతి అంచులు మాడిపోయాయి. ఈ పుస్తకం దక్కింది. ఇది తప్ప గవేన్ కావ్యానికి మరో పాత ప్రతి లేదు కాబట్టి, ఆ రోజు ఇదీ కాలిపోయి ఉంటే ఆంగ్ల సాహిత్యంలో అత్యంత నేర్పుగా కట్టిన కథాకావ్యం ఒకటి ఉండేదని కూడా ఎవరికీ తెలిసేది కాదు.

నాలుగింటిలో చివరిది సర్ గవేన్, ఆకుపచ్చ వీరుడి కథ. మొత్తం 2530 పాదాలు. 1839లో ఫ్రెడరిక్ మాడెన్ మొదటిసారి అచ్చుకు తెచ్చాడు. 1925లో జె.ఆర్.ఆర్. టోల్కీన్, ఇ.వి. గోర్డన్ కలిసి చేసిన పరిష్కరణ విద్యార్థుల చేతికి వచ్చింది. 2021లో దేవ్ పటేల్ నటించిన సినిమా వల్ల ఈ పేరు మనవాళ్లలోనూ కొందరికి తెలిసింది. సినిమా మంచిదే, కానీ దాని దారి వేరు. కావ్యం నడిచేది ఒక లెక్క మీద, ఆ లెక్కలోనే కవి గొప్పతనం ఉంది. దాన్ని చూపించాలంటే కథ మలుపులు ముందే చెప్పేయక తప్పదు. ఇది గుట్టు తెలిస్తే విలువ తగ్గే కథ కాదు. తెలిశాక రెండోసారి చదివినప్పుడే పనితనం కనబడుతుంది.

ముందు పాదం దగ్గర మొదలుపెడదాం. ఈ కావ్యంలో పొడవు పాదాలకు అంత్యప్రాస లేదు, అక్షరాల లెక్క లేదు. ఉన్నది ఊనిక. ఒక్కో పాదంలో గట్టిగా పలికే చోట్లు నాలుగు, మధ్యలో ఒక విరామం. విరామానికి ముందు రెండు ఊనికలు, తర్వాత రెండు. మొదటి మూడు ఊనికలూ ఒకే ధ్వనితో మొదలవుతాయి. నాలుగోది మామూలుగా వేరే ధ్వని. మన యతి తెలిసినవాళ్లకు ఈ ఏర్పాటు సగం అర్థమైపోయినట్టే. ఉత్పలమాలలో మొదటి అక్షరం పదో అక్షరంతో మైత్రి కుదుర్చుకున్నట్టే ఇక్కడ పాదం ముందు సగం, వెనుక సగం ధ్వనితో ముడిపడతాయి. తేడా ఎక్కడంటే, మన యతిస్థానం గణాలను బట్టి స్థిరంగా ఉంటుంది. వీళ్లది గొంతు ఎక్కడ బరువు వేస్తే అక్కడ పడుతుంది. రెండు ఊనికల మధ్య తేలిక అక్షరాలు ఎన్నయినా ఉండొచ్చు. అచ్చుల విషయంలో మన లాక్షణికుల కన్నా వీళ్లు ఉదారులు: ఏ అచ్చుకైనా ఏ అచ్చయినా చెల్లుతుంది. అ, ఆ, ఐ, ఔలు ఒక జట్టు, ఇ, ఈ, ఎ, ఏలు మరో జట్టు అనే పట్టింపు లేదు.

నాలుగో ఊనిక మైత్రిలో చేరకపోవడం లోపం కాదు. మూడు దెబ్బలు ఒకే చోట పడి నాలుగోది పక్కకు జరగడం వల్లే పాదం ముందుకు కదులుతుంది. నాలుగూ ఒకే ధ్వని అయితే చెవి అక్కడే ఆగిపోతుంది. కవికి ఇది బాగా తెలుసు. నడక సాఫీగా సాగాల్సిన చోట నియమం పాటిస్తాడు. జనం గుమిగూడిన చోట, ఆయుధాలు మోగే చోట మైత్రిని నాలుగో ఊనిక దాకా లాగి పాదాన్ని బరువెక్కిస్తాడు. చలికాలపు ప్రయాణంలో కరకు హల్లులు వరసగా వచ్చి పడతాయి. అందుకే ఈ కావ్యాన్ని కళ్లతో చదివితే సగమే అందుతుంది. అర్థం పూర్తిగా తెలియకపోయినా ముందు నాలుగైదు పాదాలు గట్టిగా చదివి, తర్వాత నిఘంటువు తీయడం మేలు. మిషిగన్ విశ్వవిద్యాలయం దశాబ్దాల పాటు కూర్చి 2001లో పూర్తి చేసిన మధ్యకాలపు ఆంగ్ల నిఘంటువు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతోంది.

ఈ పద్ధతికి ఒక ఖర్చు ఉంది. మూడేసి పదాలు ఒకే ధ్వనితో కావాలంటే ఒకే అర్థానికి చాలా పదాలు చేతిలో ఉండాలి. మనిషి అనడానికి, వీరుడు అనడానికి ఈ కవి దగ్గర పదికి పైగా మాటలున్నాయి, ఒక్కోటి ఒక్కో హల్లుతో మొదలయ్యేది. కొన్ని పాత ఆంగ్లం నుంచి దిగినవి, కొన్ని ఉత్తరాన స్థిరపడ్డ స్కాండినేవియన్ల భాష నుంచి వచ్చినవి, ఇంకొన్ని ఫ్రెంచి దర్బారు మాటలు. ఈ కలగలుపే నేటి పాఠకుడికి మొదటి అడ్డంకి. ఇదే కాలానికి చెందిన కవి చాసర్ 1400లో చనిపోయాడు. అతను రాసింది లండన్ భాష, నేటి ప్రామాణిక ఆంగ్లానికి ఆ ప్రాంతపు భాషే పునాది, కాబట్టి అతను మనకు సులువుగా అందుతాడు. గవేన్ కవిది వాయవ్య మిడ్‌లాండ్స్ మాండలికం, చెషైర్, స్టాఫర్డ్‌షైర్ సరిహద్దు ప్రాంతానిది. చాసర్ సృష్టించిన ఒక మతాధికారి పాత్ర తాను దక్షిణాదివాడినని, ఈ ధ్వనుల కవిత్వం తన వల్ల కాదని చెప్పి తప్పుకుంటుంది. అందులో కొంచెం వెక్కిరింత ఉంది. ఆ వెక్కిరింతకు సరైన జవాబు ఈ కావ్యమే.

పాదాలు కలిసి ఖండికలవుతాయి. ఒక్కో ఖండికలో పొడవు పాదాలు ఎన్ని ఉండాలన్న నియమం లేదు. కొన్నిట్లో పన్నెండే, కొన్నిట్లో ముప్పై దాటుతాయి. అవి ముగిశాక రెండక్షరాల చిన్న తునక ఒకటి వస్తుంది. దాన్ని బాబ్ అంటారు. దాని వెంట మూడేసి ఊనికల పొట్టి పాదాలు నాలుగు వస్తాయి, అవి వీల్. ఇక్కడ మాత్రం అంత్యప్రాస ఉంటుంది: బాబ్, వీల్‌లోని రెండో పాదం, నాలుగో పాదం ఒక ప్రాస, ఒకటో పాదం, మూడో పాదం మరో ప్రాస. సీసపద్యం చదివిన చెవికి ఈ నడక కొత్తగా అనిపించదు. నాలుగు పెద్ద పాదాలు పరుచుకుని, చివర ఆటవెలదో తేటగీతో వచ్చి బిగించినట్టే ఉంటుంది. రెండింటికీ సంబంధమేమీ లేదు. అయినా కాలం మాత్రం దాదాపు ఒకటే. ఈ లేఖకుడు ఈ పుస్తకం రాస్తున్న దశాబ్దాలలోనే కొండవీటిలో పెదకోమటి వేమారెడ్డి దగ్గర విద్యాధికారిగా ఉన్న శ్రీనాథుడు సీసానికి ఎత్తుగీతి తొడుగుతున్నాడు.

రాతప్రతిలో బాబ్‌లు విడిగా ఒక వరసలో ఉండవు. పొడవు పాదాల కుడివైపు ఖాళీలో, కొన్నిసార్లు తమ అసలు చోటుకు రెండు మూడు పాదాల పైనే రాసి ఉంటాయి. లేఖకుడు స్థలం పొదుపు చేశాడని కొందరు, చదివేవాడు ప్రాస ముందే చూసుకునేందుకని కొందరు. ఏదైనా, ఆ చిన్న తునక ఎక్కడ పడాలో కవికి మాత్రం సందేహం లేదు. దీనికి మంచి ఉదాహరణ ఆకుపచ్చ వీరుడి ప్రవేశం. కొత్త సంవత్సరం రోజున ఆర్థర్ రాజు కొలువులో విందు జరుగుతోంది. వింత ఏదైనా చూస్తేనో వింటేనో గాని రాజు భోజనానికి కూర్చోడు. తలుపులోంచి గుర్రం మీద ఒకడు లోపలికి వస్తాడు. కవి వాడి ఎత్తు చెబుతాడు, మెడ నుంచి నడుము దాకా ఉన్న వెడల్పు చెబుతాడు, కాళ్లు చేతుల పొడవు చెబుతాడు. సగం రాక్షసుడేమో అనుకుంటాడు, కాదు, అంత పెద్ద మనుషులలో ఇంత అందగాడు లేడంటాడు, నడుము సన్నమంటాడు. పదికి పైగా పాదాల దాకా మనం వాడి ఆకారాన్ని మనసులో గీసుకుంటూనే ఉంటాం. వీల్‌లోని చిట్టచివరి పాదంలో గాని, వాడు నఖశిఖపర్యంతం ఆకుపచ్చగా ఉన్నాడని తెలియదు. కొలువులో ఉన్నవాళ్లు చూడగానే మొదట రంగే చూసి ఉంటారు. కవి దాన్ని మన నుంచి ఖండిక చివరిదాకా దాచి, ప్రాస పడే చోట పెట్టాడు. ఛందస్సులోని ఒక భాగాన్ని ఇంతగా పనిలో పెట్టిన చోటు ఈ కావ్యంలోనూ మరొకటి దొరకదు.

వచ్చినవాడి చేతిలో ఒకవైపు హాలీ కొమ్మ, మరోవైపు గండ్రగొడ్డలి. సవాలు వింతగా ఉంటుంది: ఎవరైనా ఈ గొడ్డలితో నన్ను ఒక దెబ్బ కొట్టండి, ఏడాది తర్వాత అదే దెబ్బ నా చేత తినండి. రాజు స్వయంగా లేవబోతే మేనల్లుడు గవేన్ ఆ పని తన మీద వేసుకుంటాడు. ఒక్క వేటుకు తల తెగి నేల మీద దొర్లుతుంది. ఆకుపచ్చ మొండెం నడిచి వెళ్లి తలను జుట్టు పట్టుకుని ఎత్తుతుంది. ఆ తల కళ్లు తెరిచి, వచ్చే కొత్త సంవత్సరం ఉదయం ఆకుపచ్చ ప్రార్థనాలయం దగ్గరకు రమ్మని చెప్పి వెళ్లిపోతుంది. మొదటి ఆశ్వాసం అక్కడ ముగుస్తుంది. మొత్తం నాలుగు ఆశ్వాసాలు. రాతప్రతిలో పెద్ద అలంకృతాక్షరాలు వాటి హద్దులు చూపిస్తాయి.

రెండో ఆశ్వాసంలో కవి ఒక చోట కథను ఆపేస్తాడు. గవేన్ ప్రయాణానికి కవచం తొడుక్కుంటున్నాడు. డాలు మీద ఎర్రని నేల, దాని మీద బంగారు రంగులో ఐదు కోణాల నక్షత్రం. ఆలస్యమైనా సరే దీని సంగతి చెప్పి తీరతానని కవే ఒప్పుకుని, నలభైకి పైగా పాదాలు దాని మీద ఖర్చు పెడతాడు. ఈ గుర్తును చేతితో గీసి చూస్తే సంగతి తెలుస్తుంది: కలం ఎత్తకుండా ఒకే గీతతో ఐదు కోణాలూ వస్తాయి, గీత మొదలైన చోటికే చేరుతుంది, ప్రతి గీతా మిగతా గీతలను దాటుతూ, వాటి కిందా మీదా అల్లుకుంటూ పోతుంది. దీనికి మొదలు లేదు, తుది లేదు. గవేన్‌లోనూ అలాంటివే ఐదు ఐదులున్నాయని కవి లెక్క చెబుతాడు. తప్పెరగని పంచేంద్రియాలు ఒక ఐదు, ఓడని ఐదు వేళ్లు ఒక ఐదు, క్రీస్తు ఐదు గాయాల మీద నమ్మకం ఒకటి, మరియమాత ఐదు ఆనందాల నుంచి పొందే ధైర్యం ఒకటి. చివరిది ఐదు గుణాలు: ఉదారత, సహవాసం, శుచిత్వం, మర్యాద, దయ. డాలు లోపలి వైపు మరియమాత బొమ్మ కూడా ఉంది.

ఈ భాగాన్ని అలంకారంగా చదివి దాటిపోవడం సులువు, చాలామంది అలాగే దాటిపోతారు. నిజానికి ఇది కావ్యానికి నక్షా. ఒకే గీత కాబట్టి ఎక్కడ ఒక్క చోట తెగినా నక్షత్రం మొత్తం విడిపోతుంది. పైగా ఐదు గుణాలు ఒకదాన్నొకటి బిగించి పట్టుకుంటాయని చెప్పడంలో ఇంకో మాట దాగుంది: ఒక గుణాన్ని గట్టిగా లాగితే పక్క గుణం మీద బరువు పడుతుంది. మర్యాదను, శుచిత్వాన్ని ఎదురెదురుగా నిలబెట్టి లాగితే ఏమవుతుంది? మూడో ఆశ్వాసమంతా ఆ పరీక్షే.

గవేన్ ఉత్తర వేల్స్ మీదుగా, విరల్ అడవి దాటి చలిలో తిరుగుతాడు. పాములు, తోడేళ్లు, ఎలుగుబంట్లు, కొండల నుంచి వెంటబడే రాక్షసులు, వీటన్నిటినీ కవి కొద్ది పాదాల్లో ముగించేస్తాడు. మరో కవి అయితే ఇక్కడే ఒక ఆశ్వాసం నడిపేవాడు. ఇతనికి వాటి మీద ఆసక్తి లేదు. యుద్ధాల కన్నా చలే ఎక్కువ బాధించిందని ఒక్క మాట అని వదిలేస్తాడు. క్రిస్మస్ ముందు రోజు ప్రార్థన చేసుకోగానే చెట్ల మధ్య ఒక కోట మెరుస్తుంది. ఇక్కడా చూపు క్రమం గమనించాలి: ముందు దూరం నుంచి మెరుపు, దగ్గరయ్యాక కందకం, గోడ, తర్వాత బురుజులు, పొగగొట్టాలు. కాగితం కత్తిరించి చేసినట్టుందని కవి అంటాడు. గవేన్‌కు ఎంత కనబడితే మనకూ అంతే కనబడుతుంది. గవేన్‌కు తెలియనిది మనకూ తెలియదు. వేట దృశ్యాలు తప్పిస్తే, ఈ నియమాన్ని కవి కావ్యం చివరిదాకా పాటించి, ఒకే ఒక్క చోట కావాలని వదులుతాడు. ఆ చోటు గురించి ముందుకు పోయాక చెబుతాను.

కోట యజమాని ఆదరిస్తాడు, ఆకుపచ్చ ప్రార్థనాలయం ఇక్కడికి దగ్గరలోనే అంటాడు, మూడు రోజులు విశ్రాంతి తీసుకోమంటాడు. ఒక ఆట కూడా పెడతాడు: నేను వేటకు వెళ్తాను, నువ్వు కోటలో ఉండు; పగలు ఎవరికి ఏది దక్కితే సాయంత్రం దాన్ని రెండోవారికి ఇచ్చేయాలి. కవి దీన్ని నవ్వులాటగా పెట్టి, మద్యంతో ఖాయం చేయిస్తాడు. మొదటి ఆశ్వాసంలో గొడ్డలి ఒప్పందం కూడా కొత్త సంవత్సరపు వేడుక ఆటగానే మొదలైంది. దెబ్బకు దెబ్బ, లాభానికి లాభం. రెండూ ఇచ్చిపుచ్చుకునే ఒప్పందాలే, రెండిట్లోనూ షరతులు గట్టిగా చెప్పించుకోవడం ఉంది. మొదటి ఆటలో ప్రాణం పణం. రెండో ఆటలో ఏమీ లేదనిపిస్తుంది. (తేదీలు లెక్కపెట్టేవాళ్లకు ఇక్కడ డిసెంబర్ 28 జారిపోయినట్టు కనబడుతుంది. లేఖకుడు ఒక పాదం వదిలేశాడేమోనని పరిష్కర్తల ఊహ.)

మూడు రోజులు, మూడు వేటలు. ప్రతి రోజునూ కవి ఒకే పద్ధతిలో మడుస్తాడు: తెల్లవారుజామున వేట మొదలు, మధ్యలో గవేన్ పడకగది, మళ్లీ వేట ముగింపు, సాయంత్రం ఇచ్చిపుచ్చుకోవడం. పడకగది సన్నివేశం వేట కడుపులో ఇమిడి ఉంటుంది. బయట కుక్కల అరుపులు, కొమ్ముబూరలు, కొండల్లో ప్రతిధ్వని. లోపల తలుపు గడియ చిన్న చప్పుడు, తెర అంచు కదలడం. యజమాని భార్య నెమ్మదిగా వచ్చి మంచం అంచున కూర్చుంటుంది. గవేన్ తెర కొంచెం ఎత్తి చూసి, వెంటనే నిద్ర నటిస్తాడు. ఇంత పెద్ద వీరుడు సిగ్గుతో కళ్లు మూసుకోవడం కావ్యంలో నవ్వు పుట్టించే చోట్లలో ఒకటి. ఆమె అతని మర్యాదను పట్టుకునే లాగుతుంది. గవేన్ అంటే మర్యాదకు మారుపేరు, ముద్దు కూడా అడగకుండా ఇంతసేపు మాట్లాడావు, నువ్వు గవేన్‌వేనా అంటుంది. కాదంటే ఆతిథ్యమిచ్చిన ఇంటి ఇల్లాలికి అమర్యాద. అవునంటే ఆతిథ్యమిచ్చిన వాడికి ద్రోహం, తనకు పాపం. డాలు మీది గీతలు ఒకదాన్నొకటి లాగడం మొదలైంది.

మొదటి రోజు వేట ఆడ దుప్పులది. చలికాలంలో మగవాటిని కొట్టకూడదన్నది ఆనాటి వేట నియమం, యజమాని దాన్ని కచ్చితంగా పాటిస్తాడు. చంపాక వాటిని కోయడాన్ని కవి అడుగడుగునా చూపిస్తాడు: కొవ్వు ఎన్ని వేళ్ల మందం ఉందో చూడటం, గొంతు దగ్గర గాటు పెట్టి ఆహారనాళం వేరుచేసి ముడివేయడం, కాళ్లు కోసి తోలు ఒలవడం, పొట్ట చీల్చి పేగులు తీయడం, భుజాలు వేరుచేయడం, కాకులకు వాటి వాటా పొదల్లోకి విసరడం, కుక్కలకు నెత్తురులో తడిపిన రొట్టె పెట్టడం. విసుగు తెప్పించేంత వివరం అని కొందరంటారు. నాకు ఇది తన పని తెలిసినవాడు మరో పని తెలిసినవాడిని గౌరవించడంగా కనబడుతుంది. ఇంకో సంగతి: ఈ కోత జరుగుతున్న చోటికి, పడకగదిలో గవేన్ చేస్తున్న జాగ్రత్త మాటలకు మధ్య దూరం లేదు. శరీరాన్ని ఏ క్రమంలో విప్పుతారో చూపించాక, మెడ మీద గొడ్డలి పడబోయే మనిషిని ఆ కవి మనకు మళ్లీ చూపిస్తున్నాడు. ఆ రోజు గవేన్‌కు దక్కింది ఒక ముద్దు, సాయంత్రం దాన్ని యజమానికి ఇచ్చేస్తాడు. ఎక్కడ సంపాదించావంటే, అది షరతులో లేదంటాడు.

రెండో రోజు అడవిపంది. అది పారిపోదు, ఎదురుతిరుగుతుంది; యజమాని ఏటిలోకి దిగి కత్తితో చంపుతాడు. పడకగదిలో ఆ రోజు ఆమె మాటలు ఇంకా ముక్కుసూటిగా ఉంటాయి. ముద్దులు రెండు. మూడో రోజు నక్క. తినడానికి పనికిరాదు, జిత్తులమారి, వంకర టింకరగా తిరుగుతుంది. యజమాని కత్తి ఝళిపిస్తే దాన్ని తప్పించుకోబోయి వెనక్కి జరిగి, సూటిగా కుక్కల నోట్లో పడుతుంది.

ఆ మూడో రోజు పడకగదిలో మన దృష్టంతా ఒకే చోట ఉంటుంది: ఈసారైనా నిలబడతాడా? నిలబడతాడు. ఆమె ఎర్రబంగారు ఉంగరం ఇస్తానంటుంది, వద్దంటాడు. పోనీ, ఇది చాలా చిన్నదని తన నడుముకున్న ఆకుపచ్చ పట్టు నడికట్టు విప్పుతుంది, అదీ వద్దంటాడు. అప్పుడు దాన్ని కట్టుకున్నవాడిని ఎవరూ చంపలేరని చెబుతుంది. మర్నాడే గొడ్డలి. తీసుకుంటాడు. భర్తకు తెలియనివ్వద్దంటుంది, సరేనంటాడు. చదివేవాడు ఇక్కడ ఊపిరి పీల్చుకుంటాడు, శీలం దక్కింది కదా అని. గవేన్ కూడా అలాగే ఊపిరి పీల్చుకున్నాడు. కత్తి నుంచి తప్పించుకున్న నక్క ఎటు పడిందో రెండు పుటల తర్వాత గాని కవి చెప్పడు.

సాయంత్రం ఇచ్చిపుచ్చుకునే చోట ఒక చిన్న మార్పు ఉంది. మొదటి రెండు రోజులూ యజమాని ముందు తన వేట ఇచ్చాడు, తర్వాత గవేన్. మూడో రోజు గవేన్ తొందరపడి తానే ముందు ఇచ్చేస్తాడు: మూడు ముద్దులు గబగబా. ఆ సాయంత్రం అతను కట్టుకున్న నిలువుటంగీ నీలం. మధ్యయుగంలో నీలం విశ్వాసానికి గుర్తు. కవి ఒక్క మాట వ్యాఖ్యానించడు. క్రమం మార్చి, రంగు చెప్పి ఊరుకుంటాడు. నడికట్టు సంగతి గవేన్ ఎత్తడు. నడికట్టు తీసుకోవడానికీ ఈ సాయంత్రానికీ మధ్యలో అతను మతగురువు దగ్గరికి వెళ్లి పాపాలు ఒప్పుకుని, శుద్ధుడై వచ్చాడని కూడా కవి చెప్పాడు. నడికట్టు దాచుకుని చేసిన ఒప్పుకోలు చెల్లుతుందా అన్న ప్రశ్న మీద పండితులు ఇంకా తగువాడుకుంటున్నారు. చెల్లదని 1965లో జాన్ బరో తన పుస్తకంలో వాదించాడు. చెల్లుతుందని అంతకుముందు 1953లో గ్లాస్గో ఉపన్యాసంలో టోల్కీన్ అన్నాడు. నాకు బరో వైపే మొగ్గు, ఎందుకంటే నాలుగో ఆశ్వాసంలో కవి మరో ఒప్పుకోలు సన్నివేశం పెట్టాడు. మొదటిది సరిపోయి ఉంటే రెండోదాని అవసరమేముంది?

నాలుగో ఆశ్వాసంలో గవేన్ రెండోసారి సాయుధుడవుతాడు. ఈసారి డాలు మీది నక్షత్రాన్ని కవి వివరించడు. ఎర్రని అంగీ మీద ఆకుపచ్చ నడికట్టు రెండు చుట్లు చుట్టుకోవడాన్ని చూపిస్తాడు. ఒకటి చివరలు లేని గీత, మరొకటి రెండు కొసలున్న గుడ్డ. విప్పవచ్చు, మళ్లీ ముడివేయవచ్చు.

ప్రార్థనాలయం అని వెళ్తే అక్కడ గుడి లేదు. ఏటి పక్కన గడ్డి మొలిచిన దిబ్బ, దానికి మూడు కన్నాలు. లోపల బోలు. అది గుహో కొండ చీలికో గవేన్ తేల్చుకోలేడు, కవీ తేల్చడు. పైనుంచి గొడ్డలి సానపెడుతున్న చప్పుడు మాత్రం వినబడుతుంది. ఆకుపచ్చ వీరుడు మూడు వేట్లు వేస్తాడు. మొదటిదానికి గవేన్ భుజాలు కుదించుకుంటాడు, వాడు ఆపి ఎగతాళి చేస్తాడు. రెండోది కదలకుండా భరిస్తాడు, అదీ ఉత్తుత్తిదే. మూడోది మెడ మీద చిన్న గాటు పెట్టి వదిలేస్తుంది. మంచు మీద తన నెత్తురు చూడగానే గవేన్ ఈటె పొడవు దూరం ఎగిరి దూకి, కత్తి దూసి, ఒప్పందం తీరిపోయిందని అరుస్తాడు.

కవి తన నియమం వదిలేది ఇక్కడే. ఇప్పటిదాకా గవేన్ కళ్లతో చూశాం. ఇప్పుడు చూపు అవతలివాడి దగ్గరికి మారుతుంది. ఆకుపచ్చ వీరుడు గొడ్డలి పిడి నేలకు ఆన్చి, దాని మీద వాలి, ఎదురుగా కత్తి పట్టుకుని నిలబడ్డ ఈ కుర్రవాడిని చూస్తాడు, చూసి మనసులో ముచ్చటపడతాడు. రెండు మూడు పాదాలే. అంతవరకు భూతంలా ఉన్నవాడు ఆ రెండు మూడు పాదాలలో మనిషైపోతాడు. తర్వాత తానే ఆ కోట యజమానినని చెప్పినప్పుడు మనకు ఆశ్చర్యం కన్నా గుర్తుపట్టిన భావన ఎక్కువ కలుగుతుంది. మూడు వేట్లు మూడు రోజులకు లెక్క. మొదటి రెండు రోజులు నిజాయతీగా ఇచ్చావు, రెండు వేట్లు ఉత్తవి. మూడో రోజు నడికట్టు దాచావు, అందుకే గాటు. అది కూడా కామంతో కాదు, ప్రాణం మీద తీపితో, కాబట్టి తప్పు చిన్నదంటాడు. మూడు రోజులుగా మనం పడకగది తలుపు కాపలా కాశాం. పరీక్ష జరిగింది సాయంత్రం చావడిలో, నవ్వుల మధ్య, మనం పట్టించుకోని ఆ రెండో ఆటలో. వేటలు, ముద్దులు, వేట్లు ఒకదానికొకటి ఇంత బిగుతుగా కూర్చిన కథ మధ్యయుగపు ఆంగ్లంలో నాకు మరొకటి కనబడలేదు.

ఒక అతుకు మాత్రం కనబడుతుంది. ఇదంతా మంత్రగత్తె మోర్గన్ ల ఫే పన్నిన మాయ అని, ఆర్థర్ భార్య గ్వినెవీర్ రాణిని భయపెట్టడానికి తనను పంపిందని యజమాని చివర్లో చెబుతాడు. కోటలో యజమాని భార్య పక్కన ఒక ముసలామెను, అంటే ఈ మోర్గన్‌నే, కవి ముందే చూపించాడు, ఒక పాదం ఆమెది ఒక పాదం ఈమెది అన్నట్టు ఎంతో జతగా వర్ణించాడు. మనిషిని సిద్ధం చేశాడు గాని కారణాన్ని సిద్ధం చేయలేదు. చాలామంది పాఠకుల్లాగే నాకూ అది అతికినట్టే ఉంటుంది. ఆ వెంటనే గవేన్ ఆదాము నుంచి దావీదు దాకా ఆడవాళ్ల చేతుల్లో మోసపోయినవాళ్ల జాబితా చదవడం అతని మర్యాదకు సరిపడదు. అది కవి పొరపాటు కాదనుకుంటాను. అవమానంలో ఉన్న మనిషి నోటి వెంట ఏం వస్తుందో కవి చూసి రాశాడు.

గవేన్ నడికట్టును సిగ్గుకు గుర్తుగా అడ్డంగా కట్టుకుని కొలువుకు తిరిగొస్తాడు. విన్నవాళ్లు గట్టిగా నవ్వి, అతని గౌరవార్థం తామందరం అలాంటి ఆకుపచ్చ పట్టీ కట్టుకుంటామంటారు. అతనికది మచ్చ, వాళ్లకది బిరుదు. కొలువు అతన్ని అర్థం చేసుకుందా, అసలేమీ అర్థం చేసుకోలేదా? కవి రెండువైపులా ఒక్క మాట అనడు. ట్రాయ్ నగరం ముట్టడితో మొదలైన కావ్యం మళ్లీ ఆ ముట్టడి మాటతోనే పొడవు పాదాలను ముగిస్తుంది, ఆ పాదం 2525వది. ఐదు ఐదుల నక్షత్రాన్ని అంత వివరంగా గీసినవాడికి ఆ అంకె యాదృచ్ఛికం అంటే నేను నమ్మను. గీత మొదలైన చోటికి చేరింది. అయితే దాని తర్వాత బాబ్, వీల్ ఇంకా మిగిలే ఉన్నాయి, మరో ఐదు పాదాలు. ఖండికలు లెక్కపెడితే 101. అదే పుస్తకంలోని మొదటి కావ్యం పెర్ల్‌లోనూ ఖండికలు 101. నూటికి ఒకటి ఎక్కువ రెండుసార్లు పొరపాటున రాదు. చివరి పాదం కింద రాతప్రతిలో గార్టర్ వీరుల సంఘం ఫ్రెంచి నినాదం ఉంది. ఆ సంఘం గుర్తు కూడా ఒక పట్టీయే, కాకపోతే నీలం రంగుది.